జీడి అంటుకుందనే అనుకున్నాను

ఆ రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే కుడివైపు జుట్టు నొప్పి పుట్టింది. తలనొప్పి కాదు, జుట్టే నొప్పి. దువ్వెన తగిలిన చోటల్లా ఎవరో వెంట్రుకలు పట్టి గుంజుతున్నట్టు ఉంది. ఎండదెబ్బ అనుకున్నాను. వేసవిలో మా పలాసలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా ముందు ఎండనే తిట్టుకుంటాం. జడ వదులుగా అల్లుకుని, టీ తాగి ఫ్యాక్టరీకి వెళ్లిపోయాను.

నా పేరు దమయంతి. యాభై దాటాయి. పుట్టింది సోంపేట దగ్గర ఉద్దానం పల్లెలో. పెళ్లయి పలాస వచ్చాక జీడి ఫ్యాక్టరీలో చేరాను. మొదట కటింగ్, అంటే పిక్క పెంకు కొయ్యడం; తర్వాత పీలింగ్, అంటే పప్పు మీద పొట్టు తియ్యడం; ఆ తర్వాత గ్రేడింగ్. గ్రేడింగ్ అంటే ఒలిచిన పప్పును రంగు, సైజు చూసి వేరు చెయ్యడం. తెల్ల గుండు, అంటే విరగని తెల్ల పప్పు, ఒక గంపలోకి, కాస్త మాడినది ఇంకో గంపలోకి, బద్దలు, ముక్కలు వేరే. చూసేవాళ్లకు చేతిపనిలా కనిపిస్తుంది గానీ అదంతా కంటి పని. ట్యూబులైటు కింద రెండు తెలుపుల మధ్య తేడా పట్టుకోవాలి. నా టేబుల్ మీంచి పోయిన సరుకు రంగు బాగాలేదని వెనక్కి వచ్చిన మాట నేను వినలేదు. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేది.

జీడి పిక్క పెంకులో నూనె ఉంటుంది. ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కులు లేస్తాయి. కటింగ్‌లో కొత్తగా చేరిన వాళ్లందరికీ ఇది తప్పదు. చేతులకు ముందే కొబ్బరినూనె రాసుకుని కూర్చోవాలి, ఆ చెయ్యి ముఖానికి పెట్టుకోకూడదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. "సెయ్యి మొకానికి పెట్టుకోకండే అని ఎన్నిపాల్లు సెప్పాలి మీకు? రేపు పెల్లిసూపులికి సిరుతపులి మొకమేసుకుని కూకుంటారేటి?" అని కొత్త పిల్లలను అందరి ముందూ ఎగతాళి చేసేదాన్ని. వాళ్లు తలవంచుకునేవారు. మిగతా ఆడవాళ్లు నవ్వేవారు.

ఆ వారమే కటింగ్‌కి మనుషులు రాక, ఒక మధ్యాహ్నం నేను మిషన్ దగ్గర కూర్చున్నాను. అందుకే జుట్టు నొప్పి వచ్చిన మర్నాడు కుడి కనుబొమ మీద ఎర్రగా, గుంపుగా చిన్న చిన్న పొక్కులు లేచేసరికి నాకు రెండో ఆలోచన రాలేదు. జీడి అంటుకుంది. ఎప్పుడో మరిచిపోయి ఆ చేత్తోనే చెమట తుడుచుకుని ఉంటాను. అంతే.

నొప్పి కంటే ముందు సిగ్గు వచ్చింది. అందరికీ నీతులు చెప్పే దమయంతి మొహానికి జీడి పూసుకుందంటే షెడ్డంతా వారం రోజులు నవ్వుతుంది. పాపిడి మార్చి, జుట్టు కొంచెం నుదుటి మీదికి దువ్వి, తలకు గుడ్డ కట్టుకుని వెళ్లాను. పీలింగ్‌లో ఉండే తులసమ్మ నాకంటే పెద్దది, నాతోపాటే పనిలో చేరింది. "ఏటే, ఈ వయసులో కొత్త పాపిడా? సలపతికి సూపించడానికేటి?" అంది. చలపతి మా ఆయన. నేనూ నవ్వేసి, "నీకెందుకక్కా కుళ్లు?" అన్నాను. గుడ్డ కింద నుదురు మండిపోతోంది.

సాయంత్రం ఇంటికెళ్తూ మెడికల్ షాపులో, "జీడి అంటుకుంది, మందియ్యండి" అన్నాను. షాపాయన తల కూడా ఎత్తలేదు. కాలిన పుండ్లకు రాసే ట్యూబు ఒకటి తీసి ఇచ్చాడు. పలాసలో జీడి అంటుకుందని చెబితే ఎవరూ ఇంకేమీ అడగరు. అడగక్కర్లేదు కూడా. ఆ ట్యూబు రాసుకున్నాను, దాని మీద కొబ్బరినూనె రాసుకున్నాను, చల్లటి మజ్జిగ తాగాను.

పొక్కులు తగ్గలేదు. నీళ్లు పట్టి ముత్యాల్లా ఉబ్బాయి. కనురెప్ప మీదికి దిగాయి. ముక్కు చివర ఒకటి లేచింది. లోపల మంట జీడి మంటలా లేదు, కరెంటు తీగ తగిలినట్టు ఉండుండి చెవి దగ్గర్నుంచి నుదుటిలోకి కొడుతోంది. జీడి మంట ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. ఇది అది కాదని నా ఒంటికి తెలుస్తూనే ఉంది. కానీ అది కాదని ఒప్పుకుంటే మరేమిటని ఎవరినో అడగాలి, అడగాలంటే గుడ్డ తీసి చూపించాలి.

మా ఆయన ఆటో తోలుతాడు. మా మేనత్త కొడుకే, నేను బావ అనే పిలుస్తాను. ఒకరోజు అన్నం పెడుతుంటే నా గుడ్డ జారింది.

"ఏటే అది? కన్ను అలగైపోనాదేటి?" అని లేచి నిలబడ్డాడు.

"జీడి. నాలుగు రోజుల్లో ఆరిపోద్ది. నువ్వు బువ్వ తిను."

"జీడికి కన్ను మూసుకుపోద్దేటి? పద, టెక్కలి ఎల్దాం."

"జీడికి ఆసుపత్రికెల్తే జనాలు నవ్వుతారు బావా. నోరు మూసుకుని తిను" అని కసిరాను. ఆయన అన్నం వదిలేసి బయటికి వెళ్లిపోయాడు.

నన్ను ఆసుపత్రికి పంపింది నొప్పి కాదు, పప్పు. మర్నాడు టేబుల్ దగ్గర కూర్చుంటే కుడికంటికి ట్యూబులైటు వెలుగు సూదిలా గుచ్చుకుంటోంది. కన్నీళ్లు కారుతున్నాయి. తుడుచుకుంటూనే ఏరుతున్నాను. తులసమ్మ నా వెనక నుంచి వచ్చి, ఏమీ అనకుండా, నా తెల్ల గంపలోంచి మాడిన గుండ్లు ఒక్కొక్కటే తీసి పక్క గంపలో వెయ్యడం మొదలుపెట్టింది. పిడికెడు తీసింది. ఎవరికైనా కనిపిస్తుందేమోనని తన ఒంటితో అడ్డు నిలబడి మరీ తీసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎడమకన్ను మూసి గంపలోకి చూశాను. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి, మంచు పట్టిన అద్దం వెనక నుంచి చూసినట్టు. కన్ను పోతే నేనిక్కడ దేనికీ పనికిరానని అప్పుడు అర్థమైంది. బయటికి వచ్చి బావకు ఫోన్ చేశాను.

టెక్కలిలో కంటి డాక్టరమ్మ చిన్న వయసావిడ. గదిలోకి అడుగు పెడుతూనే నేను అలవాటు ప్రకారం చెప్పేశాను: "జీడి అంటుకుంది డాట్రమ్మా, కంట్లో కూడా పడింది." ఆవిడ వెంటనే నర్సును పిలిచి కన్ను కడిగించబోయింది. అంతలో గుడ్డ తీయమంది. తీశాను. లైటు వేసి నుదుటి మీద వేలితో పైనుంచి కిందికి గీత గీసినట్టు చూపించింది.

"అమ్మా, పొక్కులన్నీ కుడివైపే ఉన్నాయి. సరిగ్గా మధ్యకి వచ్చి ఆగిపోయాయి. జీడి నూనె మధ్య గీత చూసుకుని ఆగుతుందా?"

నేను నుదుటి మధ్య వేలు పెట్టి చూసుకున్నాను.

"ఇది హెర్పిస్ జోస్టర్. మీవైపు అక్కి అంటారు. ముక్కు చివర పొక్కు వచ్చిందంటే కంటికి వెళ్లే నరానికి కూడా పాకినట్టే. ఎన్ని రోజులైంది?"

మా ఆయనే చెప్పాడు, "వారం అయిపోనాది డాట్రమ్మా. సెప్తే ఇనదు. జుట్టు మొకం మీదికి దువ్వుకుని తిరిగింది." డాక్టరమ్మ నా పాపిడి వంక చూసింది. ఆ చూపుకి నేను భూమిలోకి కుంగిపోయాను.

"ఇది ఎవరి దగ్గర అంటుకుందమ్మా?" అని అడిగాను. నా బుర్రలో తిరుగుతున్నది అదే. ఎవరో ఒకరిని పట్టుకుంటే నా సిగ్గు కాస్త వాళ్ల మీద పెట్టొచ్చు కదా.

"ఎవరి దగ్గరా కాదు. చిన్నప్పుడు అమ్మవారు, అదే ఆటలమ్మ, పోసిందా?"

పోసింది. వేపాకుల మీద పడుకోబెట్టి, ఇంట్లో పోపు కూడా వెయ్యకుండా చూసిన రోజులు గుర్తున్నాయి. ఆ వైరస్సే ఇదట. పొక్కులు మానిపోయినా అది ఒంట్లోంచి పోలేదు. నరం మొదట్లో, ముడిలాంటి చోట, ఇన్నేళ్లూ కదలకుండా పడుకుంది. వయసు మీద పడో, ఒంట్లో బలం తగ్గో కాపలా సడలగానే లేచి, ఆ నరం వెంబడే చర్మంలోకి వచ్చింది. అందుకే ఆ నరం పోయినంత మేరే పొక్కులు. ఒక నరం రెండో పక్కకి పోదు.

ఆ మధ్యాహ్నం ఓపీలో జనం తక్కువగా ఉన్నారు. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "వైరస్‌కి సొంత బతుకు లేదమ్మా. తినదు, పెరగదు, తనంతట తాను ఇంకో వైరస్‌ని పుట్టించలేదు. దాని దగ్గర ఉండేదల్లా తనని ఎలా తయారు చెయ్యాలో రాసి ఉన్న డీఎన్ఏ, దాని చుట్టూ తొడుగు. మన సెల్‌కి అతుక్కుని లోపలికి దూరుతుంది. డీఎన్ఏ న్యూక్లియస్‌లోకి పోతుంది. అక్కణ్నుంచి ఆ సెల్ మన పని పక్కన పెట్టి దాని పని చేస్తుంది. మన సెల్ సామానుతోనే దాని డీఎన్ఏకి కాపీలు పడతాయి, కొత్త తొడుగులు తయారవుతాయి. అన్నీ కూడుకుని బయటపడి పక్క సెల్‌లోకి పోతాయి. వాడుకున్న సెల్ చచ్చిపోతుంది. నీ నుదుటి మీద నీళ్ల పొక్కులు అవే."

నాకు మా ఫ్యాక్టరీయే కళ్ల ముందు మెదిలింది. దొంగ వచ్చి పప్పు ఎత్తుకుపోతే ఆ మేరకే నష్టం. వీడు అలా కాదు. లోపలికి వచ్చి ఓనరు కుర్చీలో కూర్చుని, మా బాయిలర్ మీద, మా మిషన్ల మీద, మా చేతే వాడి సరుకు ఆడించుకుంటాడు. చివరికి షెడ్డు కూల్చేసి పక్క ఫ్యాక్టరీలో దూరతాడు.

మందు గురించి కూడా చెప్పింది. మాత్రలు వైరస్‌ని చంపవు, కాపీలు పడకుండా ఆపుతాయి. డీఎన్ఏ పూసలు గుచ్చిన దండలాంటిదట. మాత్రలోని మందు అచ్చం ఒక పూసలాగే ఉంటుంది గానీ దాని తర్వాత ఇంకో పూస గుచ్చడానికి వీలుండదు. వైరస్ దూరిన సెల్‌లోనే అది పనిలోకి దిగుతుంది. తెలియక దాన్ని గుచ్చుకుంటే దండ అక్కడితో ఆగిపోతుంది. "అందుకే కాపీలు జోరుగా పడుతున్నప్పుడే వెయ్యాలి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వచ్చి ఉంటే చాలా తేడా ఉండేది. ఇప్పటికి పడిపోయిన కాపీలని మందు వెనక్కి తీసుకురాదు. కంట్లో ఇంకా జరుగుతోంది కాబట్టి అదైనా ఆపుదాం" అంది. పొక్కులు పూర్తిగా ఎండేదాకా పసిపిల్లల దగ్గరికి, గర్భిణుల దగ్గరికి వెళ్లొద్దని కూడా చెప్పింది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఒకటే తలపు. నేను జుట్టు దువ్వి, గుడ్డ కట్టి, కొబ్బరినూనె రాసుకుని సిగ్గుపడుతూ కూర్చున్న రోజులన్నీ దానికి పనిదినాలే. నా కంట్లోనే షిఫ్టులు నడిపించుకుంది. నేనే తలుపు వేసి కాపలా ఉన్నాను.

మాత్రలు రోజుకు అయిదుసార్లు. కంట్లో ఆయింట్‌మెంట్, చుక్కలు, నరం నొప్పికి ఇంకో బిళ్ల. మందుల చీటీ తీసుకున్న కుర్రాడు షాపులో నలుగురు ఉండగా "హెర్పిస్‌కా?" అని పైకే అడిగాడు. ఇంటికొచ్చి ఆ మాట ఫోన్‌లో వెతికాను. వచ్చిన బొమ్మలు చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను. మొగుడూ పెళ్లాల మధ్య పుట్టే రోగమని రాసి ఉంది. బావ చదివితే ఏమనుకుంటాడో, నేనేమనుకోవాలో తెలియలేదు. మళ్లీ వెళ్లినప్పుడు గొంతు తగ్గించి అడిగితే డాక్టరమ్మ నవ్వింది. "అవి ఆ కుటుంబంలో వేరే వైరస్‌లమ్మా. నీది అమ్మవారు వైరస్. దీంట్లో సిగ్గుపడేది ఏమీ లేదు" అంది. ఆవిడ చెప్పింది బుర్రకి ఎక్కింది గానీ మనసుకి ఎక్కలేదు. అందుకే ఫ్యాక్టరీలో అందరికీ శుక్లం ఆపరేషన్ అని చెప్పాను. శుక్లం అంటే ఎవరూ మొహం అదోలా పెట్టరు.

పొక్కులు ఎండి పక్కు కట్టాయి. కంటి ఎరుపు పోయింది. బాగైపోయిందనుకుని చుక్కలు మానేసి పనిలోకి వెళ్లిపోయాను. డాక్టరమ్మ "నేను చెప్పేదాకా ఆపొద్దు" అని చెప్పిన మాట గుర్తుంది. గుర్తుండే మానేశాను. నెల తిరగకముందే కన్ను మళ్లీ నెత్తురు ముద్దయింది. ఈసారి టెక్కలి వాళ్లు విశాఖపట్నం పంపించారు. అక్కడి పెద్ద డాక్టరు మిషన్‌లోంచి చూస్తూనే, "చుక్కలు ఎప్పుడు ఆపావు?" అన్నారు. కాపీలు ఆగినా, వైరస్ వదిలిపోయిన చెత్త మీద ఒళ్లు తిరగబడుతూనే ఉంటుందట. ఆ పోరు కంటినే కాలుస్తుందట. చుక్కలు ఒక్కసారిగా మానకూడదు, మెల్లమెల్లగా తగ్గించాలి. నల్లగుడ్డు మీద మచ్చ పడిందని, అది ఉండిపోతుందని చెప్పారు. బావ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పగానే, "పోన్లే, ఒక కన్నుందిగా" అని మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం నాకు కనబడకూడదనుకున్నాడు.

పొక్కులు పోయాక వచ్చిన నొప్పి గురించి కూడా చెప్పాలి. చర్మం మీద ఏమీ ఉండదు, చూసేవాళ్లకి కనబడదు. ఆటోలో గాలి తగిలితే మంట. చీర కొంగు తగిలితే మంట. బొట్టు పెట్టుకుంటే సగం బొట్టు బాగానే ఉండేది, సగం బొట్టు నిప్పురవ్వలా ఉండేది. కొన్ని నెలలు బొట్టు లేకుండా తిరిగాను. మొగుడు బతికుండగా బొట్టు లేకుండా తిరగడం ఏమిటని వీధిలో ఆడవాళ్లు చాటుగా అనుకునేది నా చెవిన పడేది. స్నానాల గదిలో తల మీద నీళ్లు పోసుకుని, గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని. మందుల వల్ల అది మెల్లగా తగ్గింది. ఇప్పుడు వాన పట్టినప్పుడు కాస్త చిటుక్కుమంటుంది, అంతే.

ప్రస్తుతం నేను గ్రేడింగ్‌లో లేను. కుడికంటికి అంతా పొగమంచులోనే ఉంటుంది. ఎడమకన్ను ఒక్కదానితో సైజు తెలుస్తుంది గానీ ఎక్కువసేపు రంగు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఓనరు మంచివాడు, ప్యాకింగ్‌లో పెట్టాడు. డబ్బాలకు మూతలు వేస్తాను. నా పాత టేబుల్ ముందు నుంచే రోజూ నడవాలి.

మొన్నామధ్య తులసమ్మ పీలింగ్ దగ్గర ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. చెయ్యి నడుం మీంచి తీయడం లేదు. ఏమైందంటే, "జీడి అంటిందే. కొంగుకి అంటుకున్నట్టుంది, నిన్నట్నుంచి ఒకటే మంట. కొబ్బరినూనె రాసినాను" అంది.

గోదాం వెనక్కి తీసుకెళ్లి చూపించమన్నాను. మొదట ఒప్పుకోలేదు. చివరికి చీర కుచ్చిళ్లు కొంచెం దించింది. ఎడమవైపు వెన్ను దగ్గర మొదలై బొడ్డు దాకా పట్టీ కట్టినట్టు ఎర్రటి పొక్కులు. బొడ్డు దగ్గర ఆగిపోయాయి.

"తులసక్కా, ఇది జీడి కాదు. ఇప్పుడే ఆసుపత్రికి ఎల్దాం, బేగి రా."

"జీడికి ఆసుపత్రేటే? నవ్వుతారు."

నా మాటే అది. బావని కసిరినప్పుడు నేనన్నదీ ఇదే. ఇంకేం చెప్పినా వినదని తెలుసు. కన్ను పాడైనప్పట్నుంచి పెట్టుకుంటున్న కళ్లద్దాలు తీశాను. జుట్టు వెనక్కి తోసి, నుదుటి మీద మచ్చలు చూపించాను.

"నాకొచ్చినాది శుక్లం కాదక్కా. ఇదే. నానూ జీడనుకునే కూకున్నాను. సూడు, కన్నెలగైపోనాదో."

తులసమ్మ చాలాసేపు నా కంట్లోకి చూసింది. నా గంపలోంచి మాడిన గుండ్లు తీసింది ఈవిడే. నేను ఆసుపత్రికి పోయాక నా బదులు నాలుగు రోజులు గ్రేడింగ్ చేసి పెట్టింది కూడా ఈవిడే.

"మరి ఇన్నాల్లూ మాకెందుకు సెప్పలేదే?" అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి బదులు చెప్పేదాన్ని. సిగ్గేసిందని ఎలా చెప్పను? నా సిగ్గు కోసం ఈ షెడ్డులో ఇంతమందిని ఇంకా జీడి అనుకోనిచ్చాను. ఆ రోజు తులసమ్మ నడుం వంక నా చూపు పడకపోయి ఉంటే ఆవిడా నాలాగే నూనె రాసుకుని కూర్చునేది.

బావ ఆటోలోనే తీసుకెళ్లాం. మాత్రలు ఆ పూటే మొదలుపెట్టారు. పొక్కులు ఎండిపోయాయి, తర్వాత నొప్పి రాలేదు. షెడ్డులో అందరికీ నా సంగతి తులసమ్మే చెప్పింది. నేను చెప్పాల్సింది ఆవిడ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఇన్నాళ్లూ నేను భయపడ్డ నవ్వు నా ఒక్కదాని తలలోనే ఉందని తెలిశాక ఇంకా ఎక్కువ సిగ్గేసింది.

ఒక్కటే చెబుతాను. ఒంటికి ఒక పక్కనే మంట పుట్టి పొక్కులు లేస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లాక కారణం మీరు చెప్పకండి. ఎక్కడ, ఎప్పట్నుంచి, ఎలా ఉందో మాత్రం చెప్పి, చోటు తెరిచి చూపించి ఊరుకోండి. నేను జీడి అనకుండా గుడ్డ తీసి ఉంటే, ఆ మెడికల్ షాపాయన కనీసం తలెత్తి చూసేవాడు.